గాలి లేని గాలి టైరు: ఆల్గోడూలో మెత్తదనం మార్చుకోగల చక్రం కట్టడం ఎలా

దమ్ము చేసే ట్రాక్టరును దగ్గర నుంచి చూసినవాళ్లకు చక్రం విలువ వేరే చెప్పనక్కర్లేదు. బురదలోకి దిగే ముందు ఇనుప దమ్ము చక్రాలు బిగిస్తారు. వాటితోనే తారు రోడ్డు ఎక్కితే రోడ్డు పెచ్చులూడిపోతుంది. రబ్బరు టైరైతే పొలంలో గాలి తగ్గించాలి, రోడ్డు మీదికి వచ్చాక మళ్లీ కొట్టించాలి. ఒకే చక్రం రెండు నేలలకూ పనికిరావాలంటే దాని మెత్తదనం డ్రైవరు చేతిలో ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం నేల మీదా నీళ్లలోనూ నడిపిన డక్ బండిలో ఈ ఏర్పాటు ఉండేది. డ్రైవరు సీట్లోంచి లేవకుండానే టైర్లలో గాలి తగ్గించి ఇసుక దాటేవాడు, గట్టి నేల రాగానే పెంచేవాడు.

అలాంటి చక్రాన్నే ఆల్గోడూలో కట్టబోతున్నాం. స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయంలో ఎమిల్ ఎర్నర్‌ఫెల్ట్ తన మాస్టర్స్ ప్రాజెక్టుగా చేసిన 'ఫన్' అనే ప్రోగ్రాం 2008లో బయటికి వచ్చింది. దాన్నే ఆల్గోరిక్స్ సంస్థ 2009లో ఆల్గోడూగా విడుదల చేసింది. ఇది రెండు కొలతల ప్రపంచం. పెట్టెలు, గుండ్రాలు, స్ప్రింగులు, ఇరుసులు గీసి ప్లే నొక్కితే అన్నీ భౌతికశాస్త్ర నియమాల ప్రకారం కదులుతాయి. గాలి నింపిన ట్యూబు అనే వస్తువు మాత్రం ఇందులో లేదు. ఆ పని స్ప్రింగులతోనే చేయించాలి.

ఇలాంటి చక్రం మొదలుపెట్టిన చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. నేనూ చాలాకాలం చేశాను. చక్రం మెత్తగా కావాలంటే స్ప్రింగుల బలం తగ్గించడం, గట్టిగా కావాలంటే పెంచడం. ఇలా చేస్తే ఒకసారి చక్రం జావలా కూలిపోతుంది, ఇంకోసారి రాయిలా ఎగురుతుంది, మధ్యలో సరైన చోటు దొరకదు. కారణం ఏమిటంటే, నిజమైన టైరులో మనం మార్చేది రబ్బరు గట్టిదనం కాదు, లోపలి నుంచి బయటికి తోసే ఒత్తిడి. స్ప్రింగు చక్రంలో ఆ ఒత్తిడికి సాటి వచ్చేది స్ప్రింగు బలం కాదు, దాని లక్ష్య పొడవు. స్ప్రింగు ఎంత పొడవుకు సాగాలని చూస్తుందో, దానికి ఎంత చోటు దొరికిందో, ఆ రెండిటి తేడాయే మన గాలి. బలాన్ని ఒకసారి పెట్టి వదిలేయాలి. ఆ తర్వాత ముట్టుకోవాల్సింది పొడవునే.

కాగితం మీద లెక్క

ఐదు నిమిషాల ఈ లెక్క తర్వాత రెండు గంటల తడుములాట తప్పిస్తుంది. దయచేసి దాటేయకండి.

చక్రం వ్యాసార్థం 1 మీటరు అనుకుందాం. తెర మీద పెద్దగా కనిపిస్తుంది, లెక్క తేలికవుతుంది. బయటి పట్టీని 24 ముక్కలుగా కడదాం. 360 డిగ్రీలను 24తో భాగిస్తే ఒక్కో ముక్కకు 15 డిగ్రీలు. పక్కపక్క ముక్కలు కలిసే కీళ్ల మధ్య దూరం సుమారు 0.263 మీటర్లు వస్తుంది. 12 ముక్కలతోనూ చక్రం అవుతుంది కానీ అది దొర్లదు, కుంటుతుంది. 40 దాటితే కంప్యూటరు మీద భారం పెరిగినంతగా నడక మెరుగుపడదు.

బండి షాసీ 40 కిలోలు, చక్రాలు రెండు. ఒక్కో చక్రం మీద 20 కిలోలు, హబ్ (చక్రం మధ్యలోని గుండ్రం) బరువు 5 కిలోలు కలిపి 25 కిలోలు. గురుత్వం 9.8తో గుణిస్తే 245, సులువుగా 250 న్యూటన్లు అనుకుందాం.

ఇక అసలు సూత్రం. టైరు నేలకు ఆనే మేర సుమారుగా బరువును ఒత్తిడితో భాగిస్తే వస్తుంది. రెండు కొలతల ప్రపంచంలో వైశాల్యానికి బదులు పొడవు ఉంటుంది కాబట్టి ఒత్తిడిని న్యూటన్/మీటరులో లెక్కపెట్టాలి. మెత్తగా ఉన్నప్పుడు రెండు ముక్కలు, అంటే అర మీటరు ఆనాలంటే 250ని 0.5తో భాగించండి: ఒత్తిడి 500. గట్టిగా ఉన్నప్పుడు ఒక్క ముక్క, పావు మీటరు ఆనాలంటే ఒత్తిడి 1000.

పట్టీ చుట్టుకొలత 6.283 మీటర్లు. ఒత్తిడి 500 అయితే బయటికి తోసే మొత్తం బలం 3,140 న్యూటన్లు. 24 స్ప్రింగులకు పంచితే ఒక్కోదానికి 131. ఒత్తిడి 1000 అయితే 262. స్ప్రింగు బలం 1,500 న్యూటన్/మీటరు పెట్టుకుంటే మొదటిదానికి 0.087 మీటర్లు, రెండోదానికి 0.175 మీటర్లు అదనపు పొడవు కావాలి. స్ప్రింగుకు దొరికే చోటు 1 మీటరు. కాబట్టి లక్ష్య పొడవు 1.087 పెడితే మెత్తని చక్రం, 1.175 పెడితే గట్టి చక్రం. గాలిని మార్చే మన మీట ఎక్కువగా ఈ తొమ్మిది సెంటీమీటర్లలోనే తిరుగుతుంది.

ఇది ఉజ్జాయింపు లెక్కే. ఒత్తిడి బాగా తగ్గించినప్పుడు కింది స్ప్రింగులు ఇంకా నొక్కుకుని ఎక్కువగా తోస్తాయి. అందువల్ల ఆనే మేర లెక్కలో వచ్చినంత ఉండదు. అయినా మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి అంకె దొరకదు.

స్ప్రింగును తూచి చూడండి

ఖాళీ సీనులో ఒక పెట్టెను నేపథ్యానికి కదలకుండా అతికించండి. దాని కింద ఒక స్ప్రింగు, స్ప్రింగుకు 10 కిలోల పెట్టె వేలాడదీయండి. బలం 1,500 అయితే స్ప్రింగు 98ని 1,500తో భాగించినంత, అంటే ఆరున్నర సెంటీమీటర్లు సాగాలి. గ్రిడ్ పెట్టుకుని కొలవండి. తేడా వస్తే మెనూలో మీరు దిద్దిన అంకె మీరు అనుకున్నది కాదన్నమాట. స్ప్రింగును ఒకసారి సరిచేసుకుని, దాన్నే నకలు చేస్తూ మొత్తం చక్రం కడితే అన్నీ ఒకేలా ఉంటాయి.

ఇదే సమయంలో సిమ్యులేషన్ సెట్టింగుల్లో ఫ్రీక్వెన్సీని 60 నుంచి 300కు పెంచండి. సెకనుకు 60 సార్లు లెక్కవేస్తే మామూలు పెట్టెలకు చాలు, బిగువుగా ఉన్న తేలికపాటి ముక్కలకు చాలదు. కంప్యూటరు నెమ్మదిస్తే 180 దగ్గర ఆపండి.

హబ్, పట్టీ

అంతా పాజ్‌లో ఉండగానే కట్టాలి.

సీను మధ్యలో, అంటే సున్నా, సున్నా దగ్గర 0.7 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రం గీయండి. ఇది హబ్. దాని బరువు 5 కిలోలు వచ్చేలా సాంద్రత మార్చండి. చదరపు మీటరుకు 3.25 కిలోల దగ్గర సరిపోతుంది. ఇంత పెద్ద హబ్ ఎందుకంటే అది రెండో పని కూడా చేస్తుంది. పెద్ద దెబ్బ తగిలి పట్టీ లోపలికి కుంగినప్పుడు హబ్ అంచుకు తగిలి ఆగిపోతుంది. అపోలో యాత్రల్లో చంద్రుడి మీద నడిపిన రోవర్ చక్రాలు కూడా ఇలాంటివే. వాటిలో గాలి లేదు, జింకు పూత పూసిన ఉక్కు తీగల అల్లిక ఉండేది. ఆ అల్లిక మరీ కుంగిపోకుండా లోపల టైటానియం చట్రం అడ్డుపడేది. 1971లో మొదటిసారి అక్కడ దొర్లిన ఆ చక్రం బొమ్మ ఎప్పుడు చూసినా, మనం కడుతున్నది దాని చిన్న చెల్లెలే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు పట్టీ ముక్క: పొడవు 0.30, మందం 0.12 మీటర్ల పెట్టె. కీళ్ల మధ్య దూరం 0.263 కాబట్టి పక్క ముక్క మీదికి కొద్దిగా ఎక్కుతుంది. ఆ ఎక్కిన చోటే కీలు వస్తుంది. సాంద్రతను 18కి పెంచండి. ఒక్కో ముక్క 0.65 కిలోలు, పట్టీ మొత్తం పదిహేనున్నర కిలోలు. ఆల్గోడూ మామూలుగా ఇచ్చే సాంద్రత 2 వదిలేస్తే ముక్క 70 గ్రాములే ఉంటుంది. 1,500 బలమున్న స్ప్రింగు చివర 70 గ్రాముల ముక్క సెకనుకు 23 సార్లు ఊగుతుంది. 60 ఫ్రీక్వెన్సీలో ఒక్క ఊపుకు మూడు లెక్కలు కూడా పడవు. చక్రం తేనెటీగలా వణకడానికి అసలు కారణం ఇదే. స్ప్రింగు బలం తగ్గించి దాన్ని ఆపాలని చూడకండి, ముక్క బరువు పెంచండి.

ముక్క రాపిడి 0.9 పెట్టండి. ఎగిరే గుణాన్ని సున్నా చేయండి. బండి గెంతుతుందంటే అది స్ప్రింగుల వల్ల గెంతాలి గానీ ముక్క నేలకు కొట్టుకుని గెంతకూడదు.

24 ముక్కలనూ చేత్తో వృత్తంలో పేర్చితే ఎంత ఓపికున్నా వంకర వస్తుంది. ప్రతి ముక్కకూ స్క్రిప్ట్ మెనూలో స్థానం, కోణం అంకెలుగా ఇవ్వండి. 15 డిగ్రీల ముక్క స్థానం 0.966, 0.259. 30 డిగ్రీలకు 0.866, 0.5. 45కు రెండూ 0.707. 60, 75 డిగ్రీలకు 30, 15ల అంకెలే తారుమారవుతాయి. మిగతా మూడు పాదాలకూ ఇవే అంకెలు, గుర్తులు మారతాయంతే. కోణం అక్కడ రేడియన్లలో ఉంటుంది, 15 డిగ్రీలంటే 0.2618. ముక్క పొడవు వైపు వృత్తానికి స్పర్శరేఖలా ఉండాలి, కాబట్టి 0 డిగ్రీల దగ్గర ఉన్న మొదటి ముక్క నిలువుగా నిలబడుతుంది. ఆల్గోడూ స్క్రిప్టు భాష థైమ్ వచ్చినవాళ్లు కన్సోల్‌లో (ఆదేశాలు టైపు చేసే చోటు) 24 సార్లు తిరిగే లూప్ రాసి కొసైన్, సైన్‌లతో ఒక్క దెబ్బకు పేర్చేయొచ్చు. రాకపోయినా ఒక చక్రం పూర్తయితే చాలు, రెండోది నకలే.

పక్కపక్క ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన ప్రతిచోటా ఆక్సిల్ పరికరంతో ఒక కీలు పెట్టండి. అది తలుపు మడతబందులా పనిచేస్తుంది, మోటారు వద్దు. కీలుతో కలిసిన రెండు వస్తువులు ఒకదాన్నొకటి ఢీకొనవు కాబట్టి ముక్కల అంచులు కొట్టుకుంటాయన్న భయం లేదు. 24 కీళ్లూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఒక్కటి తప్పినా ప్లే నొక్కగానే పట్టీ విప్పారిపోతుంది.

చైన్ పరికరంతో గుండ్రంగా గీస్తే ఇదంతా అక్కర్లేదు కదా అనిపించవచ్చు. చేయి తిరిగిన చోటల్లా గొలుసు వంపులు ఎగుడుదిగుడుగా వస్తాయి. చివర కలిసేచోట ఒక లింకు పొడవు తేడా పడుతుంది. చక్రం ప్రతి చుట్టుకూ ఆ చోట ఒకసారి తూలుతుంది.

గాలి స్ప్రింగులు: హబ్ మధ్యకే ఎందుకు?

ఈ చక్రంలో గుట్టంతా ఇక్కడే ఉంది.

ప్రతి ముక్క మధ్య నుంచి హబ్ దాకా ఒక స్ప్రింగు వేయాలి. ఎవరికైనా చేయి సహజంగా హబ్ అంచు దగ్గరే ఆగుతుంది, సైకిల్ పుల్లలు అలాగే ఉంటాయి కాబట్టి. నేను మొదట కట్టిన చక్రాలన్నీ అలాగే కట్టాను. గాలి పెంచిన ప్రతిసారీ హబ్ దానంతట అదే ఒక పక్కకు మెలితిరిగి, పుల్లలన్నీ సుడిగుండంలా వాలిపోయేవి. మోటారు ఆపి చూసినా అదే తంతు.

కారణం తేలికే. సైకిల్ పుల్ల లాగుతూ ఉంటుంది, మన స్ప్రింగు తోస్తూ ఉంటుంది. అంచు నుంచి పట్టీకి తిన్నగా ఉన్న దారి అన్నిటికన్నా పొట్టి దారి. హబ్ కొంచెం తిరిగితే ఆ దూరం పెరుగుతుంది. లాగే పుల్లకు పొట్టి దారి ఇష్టం కాబట్టి అది తిన్నగా నిలబడుతుంది. నొక్కుకుని ఉన్న స్ప్రింగు పొడుగు దారినే వెతుకుతుంది కాబట్టి మెలితిరగడమే దానికి హాయి. గాలి ఎంత పెంచితే అంత ఎక్కువగా మెలిపెడుతుంది.

అందుకని గాలి స్ప్రింగులు 24నీ హబ్ సరిగ్గా మధ్య బిందువుకు కలపండి. మధ్యకు కలిపిన స్ప్రింగు హబ్‌ను తిప్పలేదు. అది తోయడం ఒక్కటే చేస్తుంది, గాలి చేసే పనీ అదే. తెర మీద అన్నీ ఒక్కచోట చేరి నక్షత్రంలా కనిపిస్తాయి. గ్రిడ్ స్నాప్ పెట్టుకుంటే మధ్య బిందువు తప్పిపోదు.

వీటి బలం 1,500, డ్యాంపింగ్ (ఊపును అణిచే గుణం) 25 పెట్టండి. లక్ష్య పొడవు ప్రస్తుతానికి 1.13. వీటన్నిటికీ ఒకే రంగు, నీలం, వేయండి. తర్వాత వెతుక్కునేటప్పుడు ఆ రంగే కాపాడుతుంది.

డ్యాంపింగ్ 25 ఎక్కడిదో చెప్తాను. నిలువుగా చూస్తే సగం స్ప్రింగుల బలం పనిచేస్తుంది: 12ను 1,500తో గుణిస్తే 18,000. కింద చెప్పే అడ్డ స్ప్రింగుల వాటా కలిపితే దాదాపు 20,000. 25 కిలోల బరువుకు ఊపు ఒక్కసారిలో పూర్తిగా ఆగే డ్యాంపింగ్ 1,400 దాకా ఉంటుంది. అందులో ఐదో వంతు 280, దాన్ని 12తో భాగిస్తే 23 పైచిలుకు. ఐదో వంతే ఎందుకంటే డ్యాంపింగ్ ఉచితంగా రాదు. చక్రం దొర్లుతుంటే ప్రతి స్ప్రింగూ చుట్టుకోసారి నొక్కుకుని విప్పుకుంటుంది, ప్రతిసారీ డ్యాంపింగ్ కొంత శక్తిని మింగుతుంది. గాలి తక్కువున్న టైరుతో బండి బరువుగా లాగడం, టైరు వేడెక్కడం నిజజీవితంలో ఇందువల్లే. డ్యాంపింగ్ 100 పెట్టి చూడండి, బండి తేనెలో నడుస్తున్నట్టు ఉంటుంది.

అడ్డ స్ప్రింగులు

మధ్యకు కలిపిన స్ప్రింగులు హబ్‌ను తిప్పలేవంటే, హబ్ కూడా వాటి ద్వారా పట్టీని తిప్పలేదు. మోటారు వేస్తే హబ్ లోపల గిర్రున తిరుగుతుంది, పట్టీ ఉన్నచోటే ఉంటుంది. మోటారు తిప్పుడు బలాన్ని పట్టీకి చేర్చడానికి ఇంకో 24 స్ప్రింగులు కావాలి. ఇక్కడ మాత్రం సైకిల్ షాపే మనకు గురువు. పుల్లలు హబ్ నుంచి తిన్నగా కాకుండా ఏటవాలుగా, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు అల్లి ఉంటాయి. తొక్కినప్పుడు ఒక వరస లాగితే, హబ్‌లో ఉండే బ్రేకు వేసినప్పుడు రెండో వరస లాగుతుంది.

హబ్ మీద మధ్య నుంచి 0.6 మీటర్ల దూరంలో, ప్రతి ముక్కకూ ఎదురుగా ఒక బిందువు అనుకోండి. సరి సంఖ్య బిందువు నుంచి మూడు ముక్కలు ముందున్నదానికి, బేసి సంఖ్య బిందువు నుంచి మూడు ముక్కలు వెనకున్నదానికి స్ప్రింగు వేయండి. ఇలా చేస్తే ప్రతి ముక్కకూ సరిగ్గా ఒక అడ్డ స్ప్రింగు వస్తుంది. స్ప్రింగు పొడవు సుమారు 0.715 మీటర్లు. లక్ష్య పొడవునూ అంతే ఉంచండి, వీటిలో ముందస్తు ఒత్తిడి ఉండకూడదు. బలం 300, డ్యాంపింగ్ 3. రంగు ఎరుపు.

300 చాలా? చాలు. స్ప్రింగు గీతకూ హబ్ మధ్యకూ దూరం 0.59 మీటర్లు. దాని వర్గాన్ని 24తో, 300తో గుణిస్తే రేడియనుకు 2,500 న్యూటన్ మీటర్ల పైన బిగువు వస్తుంది. 150 న్యూటన్ మీటర్ల మోటారు వేస్తే హబ్ పట్టీ కంటే మూడున్నర డిగ్రీలు ముందుకు జరుగుతుంది, అంతే. ఇంతకంటే బలం పెంచితే ఈ అడ్డ స్ప్రింగులే బరువు మోయడం మొదలుపెడతాయి. అప్పుడు మన గాలి మీటకు పని తగ్గిపోతుంది. ఎర్రవాటిని ఎంత బలహీనంగా ఉంచగలిగితే నీలం వాటి మాట అంత చెల్లుతుంది.

షాసీ, మోటారు

చక్రం మొత్తాన్ని ఎంచుకుని నకలు చేసి మూడు మీటర్ల దూరంలో పెట్టండి. రెండిటి మీదుగా 40 కిలోల షాసీ పెట్టె గీయండి. ఢీకొనే పొరల మెనూలో చక్రం భాగాలన్నీ మొదటి పొరలోనూ, షాసీ రెండో పొరలోనూ, నేల రెండిట్లోనూ ఉండాలి. లేకపోతే పట్టీ షాసీకి రాసుకుంటుంది. షాసీ నుంచి హబ్ మధ్యకు ఆక్సిల్ పెట్టి మోటారు వేసి, టార్క్ (తిప్పుడు బలం) 150, ముందుకు వెనక్కు బాణం మీటలు ఇవ్వండి. బండి మొత్తం 80 కిలోలు. 20 డిగ్రీల ఎత్తు ఎక్కాలంటే రెండు చక్రాలకూ కలిపి 270 న్యూటన్ మీటర్ల దాకా కావాలి. 150 చొప్పున రెండు మోటార్లకు అది సరిపోతుంది, కొంచెం మిగులుతుంది కూడా.

సస్పెన్షన్ ఇప్పుడే పెట్టకండి. టైరు ఎలా ప్రవర్తిస్తుందో అర్థమయ్యాక పెడితేనే ఏది దేని వల్ల జరుగుతుందో తెలుస్తుంది.

గాలి మీట

తేలిక పద్ధతి: నీలం స్ప్రింగులన్నీ ఎంచుకుని లక్ష్య పొడవు స్లయిడరు జరపడం. ఎంచుకున్న అన్నిటికీ ఒకేసారి మారుతుంది. పరీక్షలకు ఇది చాలు.

బండి నడుస్తుండగా మార్చాలంటే స్క్రిప్టు కావాలి. కన్సోల్‌లో సీన్ డాట్ మై (scene.my) కింద రెండు విలువలు సృష్టించండి. ఒకటి కోరుకున్న గాలి, రెండోది ఇప్పుడున్న గాలి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో మీ ఇష్టం. రెండిటికీ 1.13 ఇవ్వండి. తర్వాత నీలం స్ప్రింగులన్నీ ఎంచుకుని, స్క్రిప్ట్ మెనూలో పొడవు గడిలో అంకెకు బదులు ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య 'ఇప్పుడున్న గాలి' పేరు రాయండి. బ్రాకెట్లు మరిచిపోతే ఆ క్షణంలో ఉన్న అంకె ఒక్కసారి ఎక్కి అక్కడే ఉండిపోతుంది. బ్రాకెట్లు ఉంటే ప్రతిసారీ కొత్తగా చదువుకుంటుంది.

షాసీకి మీట నొక్కినప్పుడు పనిచేసే స్క్రిప్టు రాయండి. ఒక మీటకు 'కోరుకున్న గాలి' 0.01 పెరగాలి, ఇంకోదానికి 0.01 తగ్గాలి. 1.05 కంటే కిందికి, 1.175 కంటే పైకి పోకుండా హద్దు పెట్టండి. ఆల్గోడూ వేసే ప్రతి లెక్కలో 'ఇప్పుడున్న గాలి' కోరుకున్న దాని వైపు కొంచెం కొంచెంగా, సెకనుకు 0.03 మీటర్లకు మించకుండా జరగాలి. ఈ నిదానం తప్పనిసరి. 24 స్ప్రింగుల పొడవు ఒక్క లెక్కలోనే మారితే అది గాలి కొట్టినట్టు ఉండదు, చక్రం లోపల టపాసు పేలినట్టు ఉంటుంది.

కింది హద్దు 1.05 ఎందుకో కూడా తెలియాలి. పట్టీకి స్వతహాగా ఆకారం లేదు, అది 24 కీళ్ల దండ. లోపలి తోపుడు వల్ల వచ్చిన బిగువే దాన్ని గుండ్రంగా నిలబెడుతోంది. 1.03 దాకా దించితే కింద ముక్కలు లోపలికి మడత పడటం మొదలవుతుంది. అది మెత్తని టైరు కాదు, పంచరు.

నడిపి చూడటం

ఒకేరకం దారి మీద పరీక్షిస్తే ఏమీ తెలియదు. నాలుగు రకాలు వరసగా పెట్టండి: చదును నేల, 10 సెంటీమీటర్ల మెట్లు, చిన్న గుండ్రాలు వందల కొద్దీ పోసిన కంకర గుంట, 20 డిగ్రీల ఎత్తు. ఒక్కోదాన్ని 1.06, 1.09, 1.13, 1.175ల దగ్గర దాటి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి.

చదును నేల మీద మీకు ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. మెత్తగా చేసి ఆనే మేర రెట్టింపు చేసినా పట్టు పెరగదు. తప్పు మీది కాదు. ఆటలో రాపిడి బలం ఎంత బరువు పడుతోందన్న దాన్ని బట్టే ఉంటుంది, ఎంత మేర ఆనిందన్న దానితో సంబంధం లేదు. నిజమైన రబ్బరు ఈ నియమాన్ని కచ్చితంగా పాటించదు, ఆటలోని పెట్టె పాటిస్తుంది. మెత్తదనం లాభం మెట్ల మీద, కంకరలో కనిపిస్తుంది. గట్టి చక్రం రాయి ఎక్కినప్పుడు బండి మొత్తం లేస్తుంది, చక్రం గాల్లో ఉన్నంతసేపూ పట్టు సున్నా. మెత్తని చక్రం రాయిని తనలోకి ఇముడ్చుకుంటుంది, బండి ఉన్న ఎత్తులోనే ఉంటుంది, పక్కనున్న ముక్కలు నేలను వదలవు. కంకర గుంటలో 1.06 దగ్గర పట్టీ చదునుగా పరుచుకుని నెమ్మదిగా పైకి తేలుతూ వెళ్లడం చూస్తే, చేసిన శ్రమంతా మరిచిపోతారు.

సెకనుకు 1.2 మీటర్ల వేగం దగ్గర బండి వణికి, వేగం పెంచగానే సర్దుకుంటే కంగారు పడకండి. బండి బరువు ఈ స్ప్రింగుల మీద సెకనుకు నాలుగున్నర సార్లు ఊగే గుణంతో ఉంది. ఆ వేగంలో సరిగ్గా సెకనుకు నాలుగున్నర ముక్కలు నేలను తాకుతాయి. రెండూ కలిసినప్పుడు ఊపు పెరుగుతుంది. డ్యాంపింగ్ కొంచెం పెంచితే తగ్గుతుంది, ఆ వేగం దగ్గర ఆగకుండా దాటేస్తే ఇంకా మంచిది.

బాగా వేగంగా వెళ్లేటప్పుడు మెత్తని చక్రం వెనక వైపు పట్టీ మీద అలలు లేస్తే అది కూడా నిజజీవితంలో ఉన్నదే. గాలి తక్కువున్న టైరుతో వేగంగా పోతే నేలను వదిలిన చోటు మళ్లీ గుండ్రం కాకముందే తర్వాతి చుట్టు వచ్చేస్తుంది, టైరు మీద నిలిచిన అల ఏర్పడుతుంది. టైర్లు పేలడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. వేగం పెంచే ముందు గాలి పెంచండి, ఆటలోనైనా రోడ్డు మీదైనా.

ఏదో ఒకటి తేడా వస్తే

హబ్ మెలితిరిగితే ఏదో నీలం స్ప్రింగు మధ్య బిందువుకు కాకుండా పక్కకు అతుక్కుందన్నమాట. ఒక్కోటి తీసి చూడండి. వణుకు వస్తే ముందు ముక్క బరువు, తర్వాత ఫ్రీక్వెన్సీ, ఆ తర్వాతే డ్యాంపింగ్ ముట్టుకోండి. ఒక ముక్క లోపలికి మడతపడి మళ్లీ బయటికి రాకపోతే అక్కడి దెబ్బకు గాలి చాలలేదు. కింది హద్దును 1.06కు పెంచండి. కీళ్లు తెగిపోతుంటే వాటికి తెగే హద్దు పెట్టి ఉందేమో చూడండి. గట్టిగా ఉన్నప్పుడు పట్టీలో బిగువే 1,000 న్యూటన్లు ఉంటుంది, వేగం పెరిగితే ఇంకా పెరుగుతుంది. చక్రం ప్రతి చుట్టులో ఒకేచోట తూలితే స్ప్రింగుల జోలికి పోకండి, ఆ ముక్క స్థానం, కోణం అంకెలు సరిచూడండి.

ఇదంతా కుదిరాక షాసీ బరువు మారిస్తే మళ్లీ కాగితం తీయండి. బరువు రెట్టింపైతే అంతే మేర ఆనడానికి ఒత్తిడీ రెట్టింపు కావాలి. లక్ష్య పొడవు పెంచుకుంటూ పోయే బదులు అక్కడ మాత్రం నీలం స్ప్రింగుల బలాన్ని 3,000 చేయండి. ముక్కల సాంద్రతనూ 36కు పెంచండి. అప్పుడు 1.087, 1.175 అనే పాత అంకెలే కొత్త బండికీ పనిచేస్తాయి, మీట మీద మీ చేతికి అలవాటైన కొలతలు మారవు.